పాత కళ్లజోడు, కౌజు పిట్ట కూర... మధ్యలో అమ్మ!

మీ ఇంట్లో వాడకుండా పడున్న కళ్లజోళ్లు ఎన్ని ఉన్నాయి? ఒకసారి లెక్కపెట్టి చూడండి. టీవీ కింద సొరుగులో ఒకటి, బీరువాలో గాజుల డబ్బా పక్కన ఒకటి, ఇంటర్‌లో వాడి వదిలేసిన నల్ల ఫ్రేముది ఇంకొకటి. మా ఇంట్లో అయితే మొత్తం ఏడు తేలాయి. పారేయడానికి మనసొప్పదు. పెట్టుకుంటే తల తిరుగుతుంది. దాంతో అందరూ అనే మాటే మా ఇంట్లోనూ అనుకున్నాం: "ఎవరికైనా ఇచ్చేద్దాం, పాపం పనికొస్తాయి."

నిజంగా పనికొస్తాయా? ఎవరికి? ఈ ప్రశ్న నాకు కళ్లాసుపత్రిలో రాలేదు. మా వంటింట్లో వచ్చింది, అదీ కౌజు పిట్టల వల్ల. అందుకే ఈ కథనంలో ఒక కూర ఉంది, ఒక దానం ఉంది. రెండిటినీ కలిపేది ఒక్కటే: చేతిలో ఉన్న చిన్న వస్తువు కంటికి స్పష్టంగా కనబడటం.

ఏ కౌజు? ముందు అది తేల్చుకోండి

కౌజు, కంజు, పూరేడు... ఊరు మారితే పేరు మారుతుంది. చిక్కేంటంటే, మనం ఒకే పేరుతో రెండు రకాల పిట్టల్ని పిలుస్తాం. ఒకటి పొలం గట్ల మీద, తుప్పల్లో తిరిగే అడవి పిట్ట. రెండోది ఫారాల్లో పెంచే జపాన్ కౌజు. హోటల్ మెనూలో కనబడేది, చికెన్ షాపులో దొరికేది, మీరు ఇంట్లో వండుకోదగ్గదీ ఈ రెండోదే.

ఈ జపాన్ కౌజును 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి మన దేశానికి తెచ్చారు. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో దాని మీద పరిశోధన మొదలైంది. ఐదారు వారాల్లోనే కూరకు సిద్ధమైపోతుంది. బతికున్న పిట్ట బరువు సుమారు 200 గ్రాములు. ఆరేడు వారాలకే గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. మచ్చలున్న ఆ బుల్లి గుడ్డు 10 గ్రాములు తూగుతుంది. అంటే ఐదు కౌజు గుడ్లు ఒక కోడిగుడ్డుకి సమానం అనుకోవచ్చు. తక్కువ చోటులో పెరుగుతుంది కాబట్టి మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది రైతులు కోళ్లతో పాటు వీటినీ పెంచుతున్నారు.

అడవి పిట్ట సంగతి వేరు. మా తాతయ్య తరంలో వల వేసి పట్టుకొచ్చేవాళ్లు, కోతలయ్యాక చేలల్లో ఉచ్చులు పెట్టేవాళ్లు. ఆ కథలు వినడానికి బాగుంటాయి. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు అడవి కౌజును పట్టడం, చంపడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. నెమలి లాంటి పక్షుల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ. 2024లో తెలంగాణలో నెమలి కూర వండుతున్నట్టు వీడియో పెట్టిన ఒక యూట్యూబర్ మీద కేసు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వ్యూస్ కోసం పెట్టిన వీడియోనే సాక్ష్యం అవుతుంది మరి.

కాబట్టి "ఇది ఫారంది కాదు, ఒరిజినల్ అడవిది, రుచే వేరు" అని ఎవరైనా సంచిలో చూపిస్తే కొనొద్దు. వేట రుచి కావాలంటే చట్టం ఒప్పుకునే దారులు బోలెడు. ఫారం కౌజు ఉంది, గిన్నీ కోడి ఉంది, బాతు ఉంది, టర్కీ కోడి ఉంది. వీటిలో ఇంట్లో కొత్తగా వండేవాళ్లకు సులువైంది కౌజే. త్వరగా ఉడుకుతుంది, మనిషికి ఒక పిట్ట లెక్క సరిపోతుంది.

చిన్న పిట్ట, పెద్ద పని

త్వరగా ఉడుకుతుంది అన్నానే గానీ, త్వరగా పొయ్యి ఎక్కదు. అసలు పనంతా శుభ్రం చేయడంలోనే ఉంటుంది. షాపులో రెండు రకాలుగా ఇస్తారు. తోలు తీసేసి ఇచ్చేది ఒకటి, ఈకలు పీకి తోలుతో ఇచ్చేది ఒకటి. రుచి కావాలంటే తోలుతోనే తీసుకోవాలి. ఎందుకంటే ఈ పిట్టలో కొవ్వు చాలా తక్కువ. ఉన్న కాస్త కొవ్వూ తోలు కిందే ఉంటుంది. అది తీసేస్తే వేపుడు పీచులా అయిపోతుంది.

తోలుతో తెచ్చుకుంటే ఇలా చేయాలి. ముందు ఒక్కో పిట్టను వెలుతురులో పెట్టి చూడాలి. రెక్కల కింద, మెడ దగ్గర, తోక మీద సన్నటి ఈకల మొదళ్లు మిగిలి ఉంటాయి. గోటితోనో, చిన్న ప్లకర్‌తోనో వాటిని లాగేయాలి. తర్వాత స్టవ్ మంట మీద అటూ ఇటూ తిప్పుతూ నూగు కాల్చాలి. నాటుకోడిని కాల్చినట్టే, కాకపోతే ఇది చిన్నది కాబట్టి రెండు నిమిషాలు చాలు. ఆపైన పసుపు రుద్ది కడగాలి. పొట్టలోపల కార్జం పక్కన ఆకుపచ్చగా చిన్న చేదు సంచి ఉంటుంది. షాపులో తీసే ఇస్తారు గానీ ఒక్కోసారి ముక్క మిగిలిపోతుంది. అది పగిలి మాంసానికి అంటుకుంటే కూరంతా చేదే. చివరగా, కత్తెరతో వీపు మీదుగా కోసి పరిచినప్పుడు విరిగిన సన్న ఎముకలు కనబడతాయి. వాటిని ఏరేయాలి. పిల్లలు తినే ఇంట్లో ఈ పని అస్సలు వదలకూడదు.

గమనించారా? ఈకల మొదళ్లు, చేదు సంచి, సన్న ఎముకలు... ఇవన్నీ మిల్లీమీటర్లలో ఉండే వ్యవహారాలు. కౌజు వంటకి చేతివాటం కంటే ముందు కావలసింది కంటిచూపు.

కూర ఇలా

నలుగురికి నాలుగు పిట్టలు తీసుకోండి. మా ఇంట్లో చేసే వేపుడు కొలతలు ఇవి.

నానబెట్టడానికి: పసుపు అర చెంచా, కారం రెండు చెంచాలు, సరిపడా ఉప్పు, అప్పుడే నూరిన అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర పెద్ద చెంచా, పెరుగు రెండు పెద్ద చెంచాలు. పిట్టల రొమ్ము మీద, తొడల మీద చిన్న గాట్లు పెట్టి ఇదంతా పట్టించి ఒక గంట పక్కన పెట్టండి. వేసవైతే ఫ్రిజ్‌లో పెట్టండి.

వేపడానికి: వెడల్పాటి మూకుడులో నాలుగు పెద్ద చెంచాల నూనె వేడిచేసి, రెండు రెబ్బల కరివేపాకు, నాలుగు చీల్చిన పచ్చిమిర్చి వేయండి. సన్నగా తరిగిన రెండు పెద్ద ఉల్లిపాయలు వేసి ఎర్రబడే దాకా వేపండి. ఇప్పుడు పిట్టల్ని రొమ్ము వైపు కిందకు ఉండేలా పరిచి, పెద్ద మంట మీద ఐదు నిమిషాలు ఉంచండి. తిరగేసి, మంట తగ్గించి మూత పెట్టండి. నీళ్లు పోయనక్కర్లేదు, పెరుగులోంచి, మాంసంలోంచి ఊరే నీళ్లే చాలు. పన్నెండు నుంచి పదిహేను నిమిషాల్లో ఉడికిపోతాయి.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? తొడ, నడుము కలిసే చోట కత్తి మొనతో గుచ్చండి. వచ్చే రసం గులాబీ రంగులో ఉంటే ఇంకా ఉడకాలి. తేటగా ఉంటే అయిపోయినట్టు. అప్పుడు మూత తీసి ధనియాల పొడి ఒక చెంచా, మిరియాల పొడి ఒక చెంచా, గరం మసాలా అర చెంచా వేసి, నీరంతా ఇగిరి నూనె తేలేదాకా వేపండి. దించాక నిమ్మరసం పిండండి. చాలామంది చేసే పని, "ఇంకో పది నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది" అని వదిలేయడం. నాటుకోడికి అది నిజం. కౌజుకి మాత్రం రివర్స్. ఎక్కువసేపు ఉంచితే ఎండిపోయి గట్టిపడుతుంది.

పులుసు కావాలంటే వేపుడు సగంలో ఉండగానే గసగసాలు, ఎండు కొబ్బరి నూరిన ముద్ద కలిపి, ఒకటిన్నర గ్లాసు వేడినీళ్లు పోసి పది నిమిషాలు మరిగిస్తే చాలు. గారెలతో అయినా, రాగి సంకటితో అయినా అదిరిపోతుంది.

అమ్మ ఎందుకు మానేసింది?

ఈ కూరలో మా ఇంట్లో ఎక్స్‌పర్ట్ అమ్మ. పండగకి కోడి, ఆదివారం వేట మాంసం, వానాకాలం కౌజు... ఇదీ మా ఇంటి క్యాలెండర్. అలాంటిది ఓ ఏడాదిగా కౌజు మాట ఎత్తడం మానేసింది. నాన్న తెస్తానంటే, "ఎందుకండీ, అన్నీ ఎముకలే, ఎవరు తింటారు?" అనేది. సరేలే, ఓపిక లేదేమో అనుకున్నారు అందరూ. అమ్మకి 48 ఏళ్లు.

మొన్న వానాకాలంలో నేనే నాలుగు పిట్టలు తెచ్చా. అమ్మ వాటిని తీసుకుని వంటింట్లోంచి వరండాలోకి వెళ్లింది. "లోపల లైటు సరిగ్గా లేదురా" అంది. వరండాలో పిట్టని ముఖానికి దూరంగా, చెయ్యి పూర్తిగా చాపి పట్టుకుంది. కాసేపు చూసి నా చేతికి ఇచ్చేసింది.

"నువ్వే చూడు. రెక్క కింద ఏమన్నా మిగిలాయా?"

మిగిలాయి. చాలానే.

"మీ నాన్న జోడు ఇటివ్వు, ఒకసారి పెట్టుకుని చూస్తా" అంది. పెట్టుకుంది. తీసేసింది. "ఇదేంటి, ఇంకా మసగ్గా ఉంది!" అంది. తర్వాత సొరుగులో ఉన్న నా పాత జోడు. అదీ అంతే. మొత్తం ఏడు జోళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూసింది. ఒక్కటీ పనికి రాలేదు.

"ఎవరికైనా పనికొస్తాయి" అని మేం దాచిన ఏడు జోళ్లు మా ఇంట్లోనే, కళ్లజోడు అవసరమైన మనిషికే పనికి రాలేదు. దానం గురించి నేను చదవడం మొదలుపెట్టింది అక్కడే.

నలభై దాటితే చత్వారం

అమ్మకి వచ్చిందానికి తెలుగులో చక్కని పేరుంది: చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. పేరులోనే వయసు చెప్పేశారు పెద్దలు. కంట్లో ఉండే సహజమైన లెన్స్ చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూసేటప్పుడు ఉబ్బి, దూరం చూసేటప్పుడు సర్దుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ అది గట్టిపడుతుంది. నలభై దాటాక దగ్గరివి మసకబారతాయి. ఇది జబ్బు కాదు. జుట్టు నెరిసినట్టే, అందరికీ వచ్చేదే. మందులతో తగ్గదు, కళ్లజోడు పెడితే సరిపోతుంది.

ఇప్పుడు ఆ ఏడు జోళ్లు ఎందుకు ఫెయిలయ్యాయో చూద్దాం. కాలేజీ పిల్లల కళ్లజోళ్లలో చాలావరకు మైనస్ పవర్‌వి. దూరం కనబడటానికి ఇచ్చేవి. అమ్మకి కావలసింది ప్లస్ పవర్. మైనస్ అద్దాలు ఆమె కంటికి దగ్గరి చూపును ఇంకా కష్టం చేస్తాయి. దానికి తోడు నా జోడులో సిలిండర్ పవర్ ఉంది, అదీ నా కంటికి సరిపోయే కోణంలో అమర్చింది. రెండు కంటిపాపల మధ్య దూరం కూడా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అద్దం మధ్యభాగం కంటిపాపకు ఎదురుగా లేకపోతే తలనొప్పి, కళ్లు లాగడం మొదలవుతాయి.

అంటే కళ్లజోడు చొక్కాలాంటిది కాదు, కొంచెం వదులైనా తొడుక్కోవడానికి. అది ఒక మనిషి కంటి కొలత. దానం పెట్టెలో పడే జోళ్లలో ఎక్కువ భాగం మనలాంటి కుర్రాళ్లు పవర్ మారాక వదిలేసినవి. ఎదురుచూసే వాళ్లలో చాలామంది చత్వారం వచ్చిన అమ్మలు, తాతలు. ఇచ్చేది మైనస్, కావలసింది ప్లస్. అక్కడే తేడా కొడుతోంది.

దానం పెట్టెలో పడ్డాక ఏం జరుగుతుంది?

పాత కళ్లజోళ్లు సేకరించడం మంచి మనసుతో మొదలైన పనే. 1925లో అమెరికాలో జరిగిన లయన్స్ క్లబ్ సదస్సులో హెలెన్ కెల్లర్, చూపులేని వాళ్లకి అండగా నిలబడమని సభ్యుల్ని కోరారు. అప్పటినుంచి కంటిచూపు ఆ క్లబ్ పనుల్లో ముఖ్యమైంది. చాలా దేశాల్లో వాళ్లకు పాత జోళ్లు సేకరించే కేంద్రాలున్నాయి. అక్కడ వచ్చిన జోళ్లను కడుగుతారు, విరిగినవి, గీతలు పడ్డవి తీసేస్తారు, మిగిలిన వాటి పవర్‌ను లెన్సోమీటర్ అనే యంత్రంతో కొలిచి రాసి పెడతారు. తర్వాత శిబిరాల్లో పవర్ దగ్గరగా ఉన్నవాళ్లకు ఇస్తారు.

ఇక్కడే ఖర్చు లెక్క వస్తుంది. 2012లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, విరాళంగా వచ్చిన 275 జోళ్లను పరిశీలించారు. వాటిలో వాడటానికి పనికొచ్చినవి 7 శాతమే. అంటే ఇరవై లోపు! ఏరడం, కడగడం, కొలవడం, పంపడం అన్నీ కలిపితే, పనికొచ్చే ఒక పాత జోడు మనిషి చేతికి చేరడానికి 20 డాలర్లకు పైగా పడింది. కొత్త రెడీమేడ్ జోడు ఇవ్వడానికి అయ్యే ఖర్చుకి అది దాదాపు రెట్టింపు.

దీనర్థం పాత జోళ్లు చెత్త అని కాదు. ఇచ్చే పద్ధతి మారాలి అని. పెట్టెలో పడేస్తే పుణ్యం రాదు, పని పెరుగుతుంది.

రెండొందల జోడు చేసే పని

చత్వారానికి కావలసిన రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు మందుల షాపులో, కళ్లజోళ్ల షాపులో రెండు మూడు వందల లోపే దొరుకుతాయి. అంత చిన్న వస్తువు లేక ఎంతమంది ఆగిపోతున్నారో తెలుసా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక ప్రకారం, చత్వారానికి తగిన సాయం అందనివాళ్లు ప్రపంచంలో 82.6 కోట్ల మంది.

ఇది చదువుకునే వాళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. అసోంలో తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులతో ఒక ప్రయోగం చేశారు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో దాని ఫలితాలు వచ్చాయి. సగం మందికి ముందే దగ్గరిచూపు కళ్లజోళ్లు ఇచ్చారు, మిగతావాళ్లకి ప్రయోగం పూర్తయ్యాక ఇచ్చారు. జోడు అందినవాళ్లు కోసిన ఆకు, అందనివాళ్లతో పోలిస్తే 21 శాతానికి పైగా పెరిగింది. తర్వాత బంగ్లాదేశ్‌లో పల్లెటూళ్లలో చేసిన ఇలాంటి ప్రయోగంలో, దగ్గరిచూపు జోడు ఇచ్చిన ఎనిమిది నెలలకు ఆదాయం 33 శాతం పెరిగినట్టు 2024లో తేలింది.

మన దగ్గర చూసుకోండి. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలు, పోచంపల్లిలో, మంగళగిరిలో తెగిన పోగు అతికే నేతన్నలు, బ్లౌజులు కుట్టే పిన్నులు, బియ్యంలో రాళ్లు ఏరే అత్తలు... వీళ్లందరి పనీ చేతికి, కంటికి మధ్య అడుగు దూరంలోనే ఉంది. చూపు తగ్గిందని ఎవరూ చెప్పరు. "ఈమధ్య ఓపిక ఉండట్లేదు" అంటారు. లేదా మా అమ్మలాగా "ఎముకలెక్కువ" అంటారు.

ఇన్నాళ్లూ ఇవన్నీ తిన్నామా!

అమ్మని కంటి పరీక్షకి తీసుకెళ్లడానికి రెండు వారాలు పట్టింది. "నాకేం, టీవీ శుభ్రంగా కనబడుతోంది కదా" అనేది ఆమె వాదన. కౌజు పిట్ట గుర్తుచేశాక ఒప్పుకుంది. అక్కడ పరీక్ష చేసిన అమ్మాయి ముందు దూరం చార్టు చదివించింది, తర్వాత తెలుగు అక్షరాల చిన్న అట్ట చేతికిచ్చింది. కంటి ప్రెషర్ చూశారు, షుగర్ ఉందా అని అడిగారు, లోపలి నరం చూశారు. మొత్తం గంట పట్టింది. రెండు కళ్లకీ +1.75. సిలిండర్ లేదు. "ఆంటీ, చదివేటప్పుడు, వంట పనిలో పెట్టుకోండి. నడిచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తీసేయండి" అని చెప్పింది.

పరీక్ష ఎందుకు, నేరుగా రీడింగ్ గ్లాసులు కొనేస్తే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. నీటికాసుల జబ్బు నొప్పి లేకుండా చూపును తినేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి కంటి వెనక పొర దెబ్బతినొచ్చు. శుక్లం ఉంటే జోడు మారిస్తే సరిపోదు. ఇవన్నీ బయటపడేది పరీక్షలోనే. రెడీమేడ్ జోడు రెండు కళ్లకీ ఒకే పవర్ ఉండి, సిలిండర్ లేనివాళ్లకి బాగా పనికొస్తుంది. మిగతావాళ్లు చేయించుకోవాల్సిందే.

తర్వాతి ఆదివారం అమ్మే కౌజు తెమ్మంది. జోడు పెట్టుకుని రెక్క కింద చూసి, ప్లకర్ అందుకుంది. నాలుగు లాగాక నావైపు చూసి, "ఇన్నాళ్లూ ఇవన్నీ తిన్నామా మనం!" అంది. నాన్న పేపర్ వెనకనుంచి నవ్వారు. ఆ రోజు అమ్మ పులుసు కూడా చేసింది.

ఇక మీ వంతు

ఇంతకీ ఆ ఏడు జోళ్లు ఏమయ్యాయో చెప్తా. అందులోనే మీకు పనికొచ్చే దారులన్నీ ఉన్నాయి.

ముందు అన్నిటినీ పక్కనున్న ఆప్టికల్ షాపుకి తీసుకెళ్లి లెన్సోమీటర్‌లో పవర్ చూపించాం. ఐదు నిమిషాల పని. నాన్న పాతదొకటి ఇప్పటి పవర్‌కి సరిగ్గా సరిపోయింది. అది ఆయన బండి డిక్కీలో స్పేర్‌గా ఉండిపోయింది. రెండు ఫ్రేములు గట్టిగా ఉన్నాయి. వాటిలో ఒకదానికి కొత్త అద్దాలు వేయించి నేనే వాడుతున్నా, ఫ్రేము ఖర్చు మిగిలింది. రెండోదానికి అమ్మ పవర్ అద్దాలు వేయించాం, అదిప్పుడు పోపుల పెట్టె పక్కన ఉంటుంది. గీతలు పడ్డ రెండు, కాడ విరిగిన ఒకటి ఎవరికీ ఇవ్వలేదు. మనం పెట్టుకోలేనిది ఇంకొకరికి ఇవ్వడం దానం కాదు కదా. మిగిలిన ఒక్కదాన్ని శుభ్రంగా తుడిచి, పవర్ రాసిన చీటీతో పాటు పెట్టెలో పెట్టి, తీసుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి అడిగి ఇచ్చాం.

మీరు ఇచ్చేటప్పుడూ ఇవే గుర్తుపెట్టుకోండి. గీతలు, పగుళ్లు లేనివే ఇవ్వండి. పవర్ చీటీ జత చేయండి. విడిగా కవర్లో కాకుండా పెట్టెలో పెట్టండి. పవర్ లేని మంచి చలువ కళ్లజోళ్లు ఎండలో పనిచేసే పెద్దవాళ్లకి నేరుగా పనికొస్తాయి. మీ ఊళ్లో లయన్స్ క్లబ్ ఉంటే, లేదా ఉచిత కంటి శిబిరాలు పెట్టే ఆసుపత్రి ఉంటే, "పాత జోళ్లు తీసుకుంటారా, ఎలాంటివి కావాలి?" అని అడిగాకే తీసుకెళ్లండి. పిల్లలకి మాత్రం మీ పాత జోడు ఎప్పుడూ పెట్టొద్దు. వాళ్ల చూపు ఇంకా తయారవుతున్న వయసు, వాళ్ల కొలత వాళ్లకే కావాలి.

ఇంకో దారి ఇంతకంటే మెరుగైంది. ఆ పాత జోడు బదులు, ఒక కొత్త రీడింగ్ జోడుకయ్యే రెండొందలు పక్కన పెట్టండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకో, వీధి చివర కుట్టుమిషన్ ఆంటీకో పరీక్ష చేయించి కొనిపెట్టండి. పరీక్ష ఖర్చు గురించి భయపడక్కర్లేదు. హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థకు రెండు రాష్ట్రాల్లోని పల్లెల దగ్గర్లో విజన్ సెంటర్లు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మొదటిసారి, 2023 జనవరిలో రెండోసారి కంటి వెలుగు పెట్టి ఊరూరా పరీక్షలు చేసి రీడింగ్ జోళ్లు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 అక్టోబర్ 10న అలాంటి కార్యక్రమమే మొదలైంది. అప్పుడు జోడు తీసుకున్నవాళ్లకి ఇప్పుడు పవర్ మారి ఉండొచ్చు. చత్వారం పవర్ అరవై దాకా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. మీ అమ్మమ్మ జోడు ఎప్పటిదో ఒకసారి అడగండి.

అసలు మీ ఇంట్లో ఎవరికి అవసరమో కనిపెట్టడం మీ ఫోన్‌తోనే మొదలెట్టొచ్చు. అమ్మ ఫోన్ తీసుకుని ఫాంట్ సైజ్ చూడండి. ఎప్పుడైనా పెద్దది చేసుకున్నారా? మెసేజ్ పెడితే చదవకుండా "కాల్ చెయ్యి" అంటున్నారా? మాత్రల అట్ట మీద డేట్ మిమ్మల్ని చదవమంటున్నారా? సూదిలో దారం ఎక్కించి ఇవ్వమంటున్నారా? ఇష్టమైన కూర ఏదైనా ఈమధ్య చేయడం మానేశారా? వీటిలో రెండిటికి అవును అని జవాబొస్తే, ఈ శనివారం కంటి పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. జోడు వచ్చాక ఒక మెత్తటి గుడ్డ కూడా ఇవ్వండి. లేకపోతే చీర చెంగుతో తుడిచి వారంలో గీతలు పెట్టేస్తారు.